చేతి మీద పన్నెండు చుక్కలు

మా చెల్లి చెయ్యిని ప్రెస్సులోంచి బయటికి తీసింది నేనే. తీశాక నేను చేసిన మొదటి పని దాని మొహం చూడటం కాదు. చల్లటి నీళ్లు పొయ్యడం కూడా కాదు. కుడివైపు మీటకి తగిలించి ఉన్న రేకు ముక్కని పీకి జేబులో వేసుకోవడం.

అంతా కలిపి రెండు సెకన్లు. అంత నొప్పిలోనూ అది చూసింది.

ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిందంతా ఆ రెండు సెకన్లలోంచి పుట్టిందే.

మేమిద్దరం పనిచేసేది చొక్కాల ఫ్యాక్టరీలో. ఇస్త్రీ సెక్షన్లో పద్నాలుగు ఆవిరి ప్రెస్సులు. వాటికి నేను మెకానిక్కుని. చెల్లి ఆరో నంబరు ప్రెస్సు మీద. అది పనిచేసే వేగం చూసి సెక్షనంతా దాన్ని తుపాను అనేవాళ్లు.

ప్రెస్సు పని చూడ్డానికి తేలిక. కింది పళ్లెం మీద చొక్కా పరవాలి. రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కాలి. అప్పుడే పైపళ్లెం దిగుతుంది. చేతులు రెండూ బయట ఉండాలనే రెండు మీటలు పెట్టారు. కానీ పళ్లెం దిగే సమయానికి కాలరు మూల మడత పడితే సరిచేసే చెయ్యేదీ? చొక్కా చెడితే తిట్లెవరికి? అందుకని నేనో రేకు ముక్కని వంచి క్లిప్పు చేశాను. కుడిమీటకి తగిలిస్తే అది నొక్కుకునే ఉంటుంది. ఇక ఎడమ చేత్తో ఒక్క మీట చాలు, కుడిచెయ్యి ఖాళీ.

మొదటి క్లిప్పు మా చెల్లికే ఇచ్చాను. వారం తిరక్కుండా మిగతా పదమూడు మందీ వెంటపడ్డారు. "చెల్లికేనా, మేమేం పాపం చేశాం అన్నా?" అని. అందరికీ చేసిచ్చాను. మెచ్చుకుంటుంటే ఒళ్లు పొంగిపోయింది కూడా. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పోయేవాడు. పైవాళ్లెవరైనా వస్తుంటే ముందుగా రెండు దగ్గులు దగ్గేవాడు. ఆ రెండు దగ్గులకి పద్నాలుగు క్లిప్పులూ పద్నాలుగు జేబుల్లోకి వెళ్లిపోయేవి.

ఆ రోజు దగ్గాల్సిన పనేం లేకపోయింది. కాలరు మూల మడత పడింది. చెల్లి కుడిచెయ్యి లోపలికెళ్లింది. ఎడమచెయ్యి అలవాటు కొద్దీ మీట నొక్కింది. నేను పక్క ప్రెస్సు కింద పడుకుని పైపు బిగిస్తున్నాను. కేక విని లేచి ఆవిరి కట్టేసి పళ్లెం ఎత్తాను. మిగతాది ముందే చెప్పాను.

మధ్యాహ్నం అందరూ బయట గుంపుగా నిలబడి మాట్లాడుకుంటుంటే నేను లోపలికెళ్లి మిగతా పదమూడు క్లిప్పులూ పీకేశాను. జేబులోదానితో కలిపి పద్నాలుగూ తుక్కు డబ్బాలో వేశాను. మర్నాడు పొద్దున్నే తుక్కు లారీ వచ్చి పట్టుకుపోయింది.

సాయంత్రానికి మేనేజరు రిజిస్టరులో రాసేశాడు. 'ఆవిరి పైపుకి చెయ్యి తగిలింది. కార్మికురాలి అజాగ్రత్త.' ప్రెస్సు అని రాస్తే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి సెక్షన్‌కి తాళం వేస్తాడని ఆయన భయం. పైపు దగ్గర చెల్లికి పనే లేదు. పని లేని చోటికి వెళ్లి కాల్చుకున్నదన్న మాట పడితే ఉద్యోగం ఊడినట్టే.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "అసలేమైందే? ఎలా పడిందే చెయ్యి అందులో?"

చెల్లి నావైపు ఒక్కసారి చూసింది.

"ప్రెస్సు దానంతటది దిగిందమ్మా," అంది.

"దానంతటది ఎలా దిగుతుందిరా పెద్దోడా? నువ్వు చూసే మిషనేగా?"

నేను జోళ్లు విప్పుతూ తల దించుకునే ఉన్నాను. "చూస్తాలే అమ్మా," అన్నాను. ఏం చూస్తానో అమ్మ అడగలేదు.

* * *

ఫ్యాక్టరీ దవాఖానాలో ఒక డాక్టరు ఉండేవాడు. దగ్గుకైనా దెబ్బకైనా ఆయన దగ్గర ఒకటే తెల్లటి పూత. అయిదు వారాలు అదే పూశాడు. అయిదు వారాలకి పుండు మూసుకుంది. కట్టు విప్పి "మానిపోయింది, ఇక రానక్కర్లేదు" అని పంపించేశాడు.

అది మానడం కాదని మాకు తెలియదు.

చేతి వెనకభాగమంతా ఎర్రగా, మెరుస్తూ, కొవ్వొత్తి కరిగి గడ్డకట్టినట్టు ఉబ్బి ఉంది. ఆ ఎరుపు మధ్యలో తెల్లటి చుక్కలు. మూడేసి చొప్పున నాలుగు వరసలు. రూళ్లకర్ర పెట్టి గీసినంత తిన్నగా.

యూనియన్ నాయకుడు చూడ్డానికొచ్చాడు. ఆయన్ని అందరూ మైకు అంటారు. చెవిలో చెప్పే మాట కూడా వీధి చివరికి వినిపిస్తుంది. చెల్లి చెయ్యి చూసి కుర్చీలోంచి లేచిపోయాడు.

"తమ్ముడూ! ఇవేంటో తెలుసా నీకు?"

తెలుసు. పైపళ్లేనికి ఆవిరి వచ్చే రంధ్రాలుంటాయి. లోహం తగిలినచోట చర్మం లోతుగా కాలింది. రంధ్రం ఉన్నచోట కాస్త తక్కువ కాలింది. పన్నెండు రంధ్రాలు, పన్నెండు చుక్కలు.

"పైపుకి రంధ్రాలుంటాయా?" అన్నాడు మైకు. "ఉండవు! ప్రెస్సు వచ్చి నీ చెల్లి చేతి మీద సంతకం పెట్టి వెళ్లిందయ్యా! ఈ చెయ్యి తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరు ముందు పెడితే మేనేజరు రాసిన ముక్క చిత్తుకాగితం అయిపోతుంది. తేలిక పనిలో పెట్టుకోక చస్తారా?"

"ఫొటో తీసి పంపిస్తే సరిపోదా అన్నా?" అంది చెల్లి.

"పోయిన కేసులో ఫొటోలే పెట్టానమ్మా. ఈ చెయ్యి ఎవరిదైనా కావచ్చు అన్నాడు వాళ్ల లాయరు. ఈసారి చెయ్యే పెడతాం. చెయ్యి ఎవరిదో అడగలేడు కదా!" అని నవ్వి, వెంటనే వేలు చూపించాడు. "ఒకటే మాట. విచారణ అయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పూత వద్దు, పట్టీ వద్దు. చుక్క చెరిగిందంటే మన నోట్లో మట్టే."

అమ్మ ఆయనకి టీ ఇచ్చింది. చెల్లి చేతిని ఒళ్లో దిండు మీద పెట్టుకుని కూర్చుంది, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా.

* * *

తొమ్మిదో వారంలో చెల్లి జడ వేసుకోలేకపోయింది. చెయ్యి ముడవబోతే వేళ్లు మధ్యలోనే ఆగిపోతున్నాయి. మైకుకి చెప్పకుండా అమ్మా నేనూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

కాలిన మచ్చల సర్జన్ ఒక పెద్దావిడ. గదిలో కుర్చీలకంటే మనుషులెక్కువ. ఆవిడ చెల్లి చెయ్యి పట్టుకుని, వేళ్ల మొదళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"పుండు మానడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"అయిదు వారాలండి."

"మూడు వారాల్లో మూసుకోకపోతేనే తొడ చర్మం తీసి అతకాల్సింది. ఎవరా మహానుభావుడు, అయిదు వారాలు పూతలు పూసింది?" అంది. తర్వాత అమ్మవైపు తిరిగింది. "చూడమ్మా, లోతుగా కాలినచోట పాత చర్మం తిరిగి రాదు. శరీరం కంగారుపడి దొరికిన పీచుతో అతుకు వేస్తుంది. సరిపోయినంత వేసి ఆపదు. ఇంకా ఇంకా వేస్తుంది. అందుకే ఇలా ఉబ్బింది. దురద పెడుతోందా?"

"చచ్చిపోయేంత," అంది చెల్లి.

"పెడుతుంది. లోపల పని జరుగుతోంది కదా. ఆ పీచు ఊరికే పడి ఉండదమ్మా. నాలుగు వైపుల నుంచీ దగ్గరికి లాక్కుంటుంది. కడుపు మీదైతే లాగినా ఏం కాదు. ఇది చెయ్యి. వేళ్ల మొదళ్లని వెనక్కి లాగి పట్టుకుంది. అందుకే పిడికిలి రావట్లేదు."

"మచ్చ తీసేస్తే పోతుందా డాక్టరమ్మా?" అంది అమ్మ.

"మచ్చని తీసెయ్యడం నాకే కాదు, ఎవరికీ రాదు. చెడ్డ మచ్చ తీసి మంచి మచ్చ పెట్టడం వచ్చు." నవ్వింది. "దీన్ని కోసి, వేళ్లు వంచి, మధ్యలో ఏర్పడ్డ ఖాళీలో తొడమీది చర్మం అతుకుతాను. వేళ్ల సందుల్లో మచ్చని వంకర గీతలుగా కోసి తిప్పి కుడితే పొడవు కలిసొస్తుంది. అందం కోసమైతే ఏడాది ఆగి, మచ్చ చల్లబడ్డాక చెయ్యమంటాను. దీనికి ఆగడానికి లేదు. ఆరు వారాల్లో చేయించండి. అది దాటితే కీళ్లే బిగుసుకుంటాయి. అప్పుడు నేను చర్మం ఎంత బాగా అతికినా లోపలి కీలు తిరగదు. తుప్పుపట్టిన తలుపుకి రంగేసినట్టు ఉంటుంది."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. నా పనే అది.

"ఈలోపు బిగుతుగా ఉండే గ్లోవు తొడగండి. మచ్చ మీద మెత్తటి సిలికాన్ పొర అంటించండి. రాత్రిళ్లు వేళ్లు వంగి ఉండేలా చెక్క కట్టండి. ఇంజెక్షన్లు కూడా ఇస్తాను. మచ్చ చదునవుతుంది."

"చుక్కలు పోతాయా?" అంది చెల్లి.

సర్జనమ్మ దానివైపు విచిత్రంగా చూసింది. ఇంతకాలం ఎవరూ ఆవిడని మచ్చ ఉంచమని అడిగి ఉండరు.

"పోవాలనే కదమ్మా చేసేది."

బయటికొచ్చాక చెల్లి గ్లోవు రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టింది.

"విచారణ ఎప్పుడన్నాడు మైకన్న?"

"వచ్చే మంగళవారం."

"ఇంకేం మరి. వారమేగా."

* * *

మంగళవారం ఇన్‌స్పెక్టరు రాలేదు. జ్వరమన్నారు. రెండు వారాలు వాయిదా. రెండు వారాలకి ఆయన్ని వేరే ఊరికి బదిలీ చేశారు. కొత్తాయన రావడానికి మూడు వారాలు. కొత్తాయన వచ్చి, కాగితాలు చదవాలి, ఇంకో వారం అన్నాడు.

ప్రతిసారీ మైకు మా గుమ్మంలో నిలబడి అదే మాట. "ఇంతదాకా ఆగాం. ఇంకొక్క వారం ఆగలేమా?" ఆయనది తప్పనడానికి లేదు. ప్రతిసారీ నిజంగా ఇంకొక్క వారమే ఉండేది.

ఆ ఎండల్లో మా ఇల్లు ఆ చెయ్యి చుట్టూ తిరిగింది. వేళ్ల మొదళ్లు వెనక్కి, వేళ్ల కొసలు ముందుకి. గాల్లో కనబడని బంతినేదో గోళ్లతో పట్టుకున్నట్టు ఉండేది. స్పూను ఎడమచేతికి మారింది. తర్వాత దువ్వెన మారింది. తర్వాత తలుపు గడియ. చెల్లి నవ్వుతూనే ఉండేది.

"చూడమ్మా, ఈ చేత్తో ఎవరినైనా గీరితే పిల్లి అనుకుంటారు."

"నోర్ముయ్యవే," అనేది అమ్మ. అని వంటింట్లోకి వెళ్లేది. వెళ్లిందంటే కాసేపటి దాకా బయటికొచ్చేది కాదు.

నేను ఫ్యాక్టరీకి వెళ్లొస్తూనే ఉన్నాను. ఆరో నంబరు ప్రెస్సు మీద వేరే అమ్మాయిని పెట్టారు. రెండు మీటలూ రెండు చేతులతో నొక్కేది. పని నెమ్మదిగా సాగుతోందని సూపర్‌వైజరు సణిగేవాడు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "అవేవో చేసేవాడివి కదా, మళ్లీ చెయ్యవా?" అన్నాడు. చేతిలో స్పానరు ఉంది. కింద పెట్టేసి బయటికి నడిచాను. పెట్టకపోతే ఏం జరిగేదో తెలియదు.

ఆ సాయంత్రం చెల్లి పెరట్లో ఒక్కతే ఉంది. ఒంటి చేత్తో బట్టలు ఆరేస్తోంది. నేను వెళ్లి తీగ పట్టుకున్నాను.

"నేను చెప్పేస్తానే."

"ఏంటి?"

"క్లిప్పు సంగతి. నేనే చేశానని చెప్పేస్తే ప్రెస్సు అని ఒప్పుకున్నట్టేగా? ఇక నీ చెయ్యి ఎవరికి చూపించాలి? రేపే ఆపరేషన్‌కి వెళ్లొచ్చు."

అది చొక్కా దులిపింది. ఎడమచేత్తో దులిపితే నీళ్లన్నీ నా మొహం మీద పడ్డాయి.

"చెప్పి? ఇద్దరం ఇంట్లో కూర్చుందామా? నీమీద పోలీసు కేసు పెడితే? పద్నాలుగు మిషన్లన్నయ్యా. అమ్మకేం చెప్తావ్?"

"మరి నీ చెయ్యి?"

"వారమేగా," అంది. "మైకన్న చెప్పాడుగా."

నేను తీగ వదిలేసి లోపలికి వెళ్లిపోయాను. అది వద్దంది కాబట్టి ఊరుకున్నానని ఆ రాత్రికే నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. అది వద్దనగానే నా గుండె తేలికపడింది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

సర్జనమ్మ ఇచ్చిన ఆరు వారాలు అలా దాటిపోయాయి.

* * *

విచారణ మేనేజరు గదిలోనే పెట్టారు. కొత్త ఇన్‌స్పెక్టరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. ఒకవైపు మేనేజరు, కంపెనీ లాయరు. ఒకవైపు మైకు, నేను. సాక్షులుగా ఇస్త్రీ సెక్షన్ నుంచి నలుగురు ఆడవాళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

మైకు లేచి మొదలుపెట్టాడు. కిటికీ అద్దాలు అదిరాయి. పైపుకి రంధ్రాలుండవు, ప్రెస్సుకి ఉంటాయి, ఈ చెయ్యి చూడండి, అంతే. ఇన్‌స్పెక్టరు లేచొచ్చి చెయ్యి చూశాడు. చుక్కలు లెక్కపెట్టాడు. పన్నెండు. అవునన్నట్టు తల ఊపాడు. మైకు నా భుజం మీద గట్టిగా చరిచాడు.

"కొలిచి చూద్దాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ముందుగా ఇస్త్రీ సెక్షన్‌కి వెళ్లి, ఆరో నంబరు పైపళ్లెం మీద పారదర్శకంగా ఉండే కాగితం పరిచి, ఒక్కో రంధ్రం దగ్గరా పెన్నుతో చుక్క పెట్టాడు. తిరిగొచ్చి ఆ కాగితాన్ని చెల్లి చేతి మీద పెట్టాడు.

మొదటి చుక్క మీద చుక్క కూర్చుంది. రెండోది జరిగింది. మూడోది ఇంకా జరిగింది. చివరి వరసకి వచ్చేసరికి కాగితం మీది చుక్కలు మచ్చ దాటి మణికట్టు మీదకి వెళ్లిపోయాయి.

ఆయన కాగితం తిప్పి పెట్టాడు. అటునుంచి పెట్టాడు. కొలబద్ద తీశాడు.

"పళ్లెం మీద రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఇరవై మిల్లీమీటర్లు. ఇక్కడ పదహారు. కొన్నిచోట్ల పదిహేను." మర్యాదగానే చెప్పాడు. "ఇది ఆ పళ్లెం కాదు."

మైకు నోరు తెరిచి మూశాడు. ఆయన అలా మూయడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఎక్కడో దూరంగా సర్జనమ్మ గొంతు వినిపించినట్టయింది. నాలుగు వైపుల నుంచీ దగ్గరికి లాక్కుంటుంది. చర్మం లాక్కుంటే దాని మీదున్న చుక్కలు మాత్రం ఎక్కడికి పోతాయి? మేం ఏ సాక్ష్యం కోసమైతే గ్లోవు వద్దన్నామో, ఇంజెక్షన్ వద్దన్నామో, వేళ్లు వదులుకున్నామో, ఆ సాక్ష్యం మా కళ్లముందే రోజూ కాస్త కాస్త కుంచించుకుపోయింది. నేను మెకానిక్కుని. వెంట్రుకవాసి తేడా వస్తే పసిగట్టేవాణ్ణి. నాలుగు నెలలు ఆ చెయ్యి మా ఇంట్లోనే ఉంది. ఒక్కసారి కొలిచానా?

"మచ్చ ముడుచుకుంది సార్," అన్నాను. "డాక్టరు చెప్పింది. ముడుచుకుంటుందట."

"ఎంత ముడుచుకుందో రాసిచ్చిందా? మొదటిరోజు కొలత ఏదైనా ఉందా?"

లేదు.

లాయరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. చెల్లి చెయ్యిని మెల్లగా వెనక్కి తీసుకుని పైట కింద దాచుకుంది. నాలుగు నెలల్లో అది ఆ చెయ్యిని దాచడం అదే మొదటిసారి.

నేను లేచి నిలబడ్డాను.

"ప్రెస్సే సార్. మీట నొక్కుకుని ఉండటానికి క్లిప్పు చేసిచ్చింది నేను. పద్నాలుగు ప్రెస్సులకీ చేశాను. ఆ రోజు కూడా కుడిమీటకి క్లిప్పు ఉంది. నేనే పీకేశాను."

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆపాడు. "ఏదీ ఆ క్లిప్పు?"

"తుక్కులో వేశాను సార్. లారీ పట్టుకుపోయింది."

"పద్నాలుగూ?"

"పద్నాలుగూ."

ఆయన గోడ దగ్గరున్న ఆడవాళ్లవైపు తిరిగాడు. "మీరెవరైనా చూశారా అమ్మా?"

ఒకామె కొంగు కొస మెలితిప్పుకుంది. ఒకామె నేల చూసింది. చూశామంటే మీరూ వాడారా అని అడుగుతాడు. వాళ్లని నేనేమంటాను? నాలుగు నెలలు నేనూ నేలే చూశాను.

"సార్," అంది చెల్లి.

అందరూ దానివైపు తిరిగారు.

"మా అన్నయ్యకి నేనంటే ప్రాణం సార్. నాకోసం ఏదైనా చెప్తాడు. అలాంటి క్లిప్పులేం లేవు."

"ఏమే!" అన్నాను.

"కూర్చో అన్నయ్యా," అంది. గొంతులో కోపం లేదు. ఇంట్లో అన్నానికి పిలిచినట్టు అంది. "లేనిది చెప్పి నీ ఉద్యోగం కూడా పోగొట్టుకుంటావా?"

ఇన్‌స్పెక్టరు నావైపు జాలిగా చూశాడు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి చూసినట్టు కాదు. చెల్లెలి కోసం అబద్ధమాడిన మంచివాణ్ణి చూసినట్టు. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

"మీ బాధ అర్థమైంది," అన్నాడు. "కానీ నేను రాయగలిగింది ఉన్నదే."

రిజిస్టరులో ఉన్న పైపు మాటే మళ్లీ రాసి, సంతకం చేసి, పెన్ను మూత పెట్టాడు. చెల్లిని సంతకం పెట్టమన్నాడు. అది ఎడమచేత్తో పెట్టింది. చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరం నిలబడే ఉన్నాం.

* * *

మర్నాడే పెద్దాసుపత్రికి వెళ్లాం. సర్జనమ్మ చెయ్యి చూసింది. పాత చీటీ మీద తేదీ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చీటీ బల్ల మీద పెట్టి, "సరే, చేర్పించండి," అంది.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. మచ్చ కోసి, వేళ్లు వంచి, వంగి ఉండటానికి సన్నటి తీగలు గుచ్చి, తొడమీది చర్మం అతికింది. బయటికొచ్చి మాస్కు కిందికి లాక్కుని అమ్మకి చెప్పింది. "చర్మం బాగా వచ్చిందమ్మా. కీళ్లే మొండికేశాయి. చూపుడువేలు, నడిమివేలు కొంత వస్తాయి. మిగతా రెండూ నా చేతుల్లో లేవు."

కోసి తీసిన మచ్చని ఏం చేస్తారని నర్సుని అడిగాను. చెత్తలో పారేస్తామంది.

మూడు వారాలకి తీగలు తీశారు. బయట మొదటి వానలు పడుతున్నాయి. కొత్త చర్మం చొక్కాకి వేసిన అతుకులా వేరే రంగులో ఉంది. చుక్కల్లేవు. సర్జనమ్మ మా ముందు కూర్చుని చెల్లి వేళ్లు ఎలా వంచాలో చూపించింది.

"ఇది కూడా మచ్చే. దీనికీ లాక్కునే బుద్ధే ఉంటుంది. అది లాగేలోపు మనం వంచాలి. రోజుకి అయిదుసార్లు. ప్రతిసారీ పది లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. నొప్పి పెడుతుంది, గట్టిగానే పెడుతుంది. తనంతట తను వంచుకోలేదు, ఆగిపోతుంది. ఇంట్లో ఇంకొకరు చెయ్యాలి. ఎవరు చేస్తారు?"

"నేను చేస్తా," అంది అమ్మ. అంటూనే ఏడ్చేసింది.

"నీవల్ల కాదులే అమ్మా," అంది చెల్లి. "అన్నయ్య చేస్తాడు."

మర్నాడు పొద్దున్న వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. అమ్మ చూడలేక వీధిలోకి వెళ్లిపోయింది. నేను ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్నాను. షిఫ్టుకి ఇంకా గంట ఉంది. దాని చెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను. చల్లగా, బిగుసుకుని ఉంది. బొటనవేలు ఆవిడ చూపించిన చోట పెట్టి, వేళ్ల మొదళ్లని కిందికి నొక్కాను.

దాని మొహం పాలిపోయింది. పళ్లు బిగించి గోడవైపు చూస్తోంది. చెమట కణతల మీదుగా కారుతోంది. నాలుగు దగ్గర వదిలేశాను.

"ఏమైంది?" అంది.

"నావల్ల కాదే."

చెల్లి కాసేపు ఊపిరి పీల్చుకుంది. మోచేత్తో మొహం తుడుచుకుంది. తర్వాత ఆ చెయ్యిని తనే మళ్లీ నా చేతుల్లో పెట్టింది.

"పది అంది డాక్టరమ్మ. నాలుగుకే ఆపితే ఎలా? ఊఁ, వంచు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టు."

వంచాను. ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాను. అది ఏడుస్తోంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోవట్లేదు.